చింతపండుతో తోమిన రోము నాణేలు

ఒమాన్‌లో నిజ్వా అనే ఊళ్లో నేను పనికి కుదిరిన ఇంటి పెద్దాయనకు రెండు కళ్లూ కనబడవు. వేళకు మందులివ్వడం, చెయ్యి పట్టుకుని వరండాలోకి నడిపించడం, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి నీళ్లు అందించడం, సాయంత్రం ఆయన చెప్పే కబుర్లు వినడం నా డ్యూటీ. గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లినవాళ్లం యజమానిని బాబా అంటాం. చాలామంది నోటితో అంటారు, నేను ఈయన్ని మనసారా అనేదాన్ని. వయసులో ఉన్నప్పుడు బొంబాయిలోనూ ఈజిప్టులోనూ ఓడరేవు గోదాముల్లో పనిచేశాడట, హిందీ బాగా వచ్చు. కడపలో సాయిబుల ఇళ్ల మధ్య పెరిగినదాన్ని కాబట్టి నాకూ ఇబ్బంది లేదు. మేం మాట్లాడుకున్నదంతా ఆ హిందీలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆయన మంచం పక్కన ఒక చెక్కపెట్టె ఉండేది. తాళం లేదు. అందులో గుడ్డ పరిచి, దాని మీద రోము రాజుల కాలంనాటి కంచు నాణేలు పెట్టుకున్నాడు. ఈజిప్టులో ఉన్నప్పుడు రేవు దగ్గర పాతసామాన్ల కొట్టులో ఒక్కొక్కటే కొన్నాడట. కొన్ని మన పావలా బిళ్లంత ఉంటాయి, కొన్ని ఇంకా చిన్నవి. అంచులు సొట్టలు. ఒళ్లంతా నల్లగా, పచ్చగా, గరుగ్గా ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు, ఇంత పెద్దింటి మనిషి ఈ చెత్త దాచుకున్నాడేందిరా దేవుడా అనుకున్నాను.

పొద్దు వాలే వేళ చేసే అసర్ నమాజు అయ్యాక ఆ పెట్టె ఒళ్లో పెట్టమనేవాడు. ఒక్కో నాణెం తీసి బొటనవేలితో తడిమి ఏముందో చెప్పేవాడు. నేను వెలుతుర్లో పట్టుకుని చూసేదాన్ని. ఆయన చెప్పింది చెప్పినట్టే ఉండేది. ఒకదాని మీద తోడేలు, దాని పొదుగు కింద ఇద్దరు పసిపిల్లలు, పైన రెండు చుక్కలు. ఇంకోదాని మీద కోటగుమ్మం. ఒకదాని మీద పళ్లు నిండిన కొమ్ము పట్టుకుని నిలబడిన ఆడమనిషి. లక్ష్మీదేవి అనుకుని కళ్లకద్దుకోబోతే బాబా విరగబడి నవ్వాడు. తలచుట్టూ సూర్యకిరణాలున్న రాజు ఒకడు. ఇవన్నీ సరే గానీ, ఒక నాణెమంటే నాకు గుండెదడ. దాని మీద ఒక సిపాయి, గుర్రం మీంచి పడ్డవాణ్ణి బల్లెంతో పొడుస్తుంటాడు. కింద పడ్డవాడు చెయ్యి పైకెత్తి ఉంటాడు. "ఎందుకెత్తాడో తెలుసా? వద్దని బతిమాలుతున్నాడు. ఇన్నివందల ఏళ్లుగా బతిమాలుతూనే ఉన్నాడు, వాడు దింపడు, వీడు ఆపడు" అనేవాడు బాబా. నేను ఆ నాణేన్ని బోర్లా తిప్పి పెట్టేసేదాన్ని.

"నీళ్లు మాత్రం తగలనివ్వకు బిడ్డా. ఈ పచ్చదనం మురికి కాదు, వీటి చర్మం. బొమ్మంతా ఈ చర్మంలోనే ఉంది" అని మొదట్లోనే చెప్పాడు. నేను పొడిగుడ్డ కూడా గట్టిగా ఆనించేదాన్ని కాదు.

ఆ ఇంట్లో వంట చేసే అక్కది గోదావరి జిల్లా. నాకంటే పెద్దది, నాకంటే చాలా ముందొచ్చింది. వచ్చిన తర్వాత ఒక్కసారి కూడా ఊరికి పోలేదు. ఏటా సెలవడగడం, ఈసారి కాదు పైసారి అని ఇంటివాళ్లు అనడం, ఈమె కళ్లు తుడుచుకుని మళ్లీ వంటింట్లోకి పోవడం. భర్త లేడు, ఒక్కతే కూతురు. ఆ పిల్లకు మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు, ఆ పిల్ల కూడా చచ్చి బతికింది. ఇప్పుడు మళ్లీ నెలలు నిండాయి. "అమ్మా, నువ్వొస్తేనే ఆస్పత్రికెళ్తా, లేకపోతే ఇంట్లోనే ఉంటా" అని ఫోన్లో ఏడుపు. అక్క ఈసారి వంటింట్లో నేలమీద కూలబడి మొండికేసింది. చివరికి సెలవిచ్చారు.

ఇచ్చింది బాబా కొడుకు. మస్కట్‌లో పెద్ద ఉద్యోగం. మా కఫీల్ ఆయనే, అంటే మా వీసాలు ఆయన పేరుమీదే ఉంటాయి, పాస్‌పోర్టులు ఆయన బీరువాలో ఉంటాయి. అప్పట్లో ఒమాన్‌లో గురు, శుక్రవారాలు సెలవు. గురువారం మధ్యాహ్నానికి నిజ్వా వచ్చి, తండ్రిని చూసుకుని వెళ్లేవాడు. చెడ్డవాడని అనలేను, కానీ పనివాళ్లంటే అనుమానం. బాబా పెట్టెకు తాళం లేకపోవడం ఆయనకు అస్సలు గిట్టేది కాదు. "పైవారం దీన్ని మస్కట్ తీసుకెళ్లి బ్యాంకు లాకర్లో పెడతాను. ఇంట్లో ఎవరెవరో తిరుగుతుంటారు" అని నా ముందే అన్నాడు. ఎవరెవరో అంటే మేమే కదా. అదే పైవారం అక్క పాస్‌పోర్టూ టికెట్టూ తెచ్చి, తిరుగు ప్రయాణంలో ఆమెను కార్లో ఎక్కించుకుని మస్కట్‌లో విమానం ఎక్కిస్తానన్నాడు.

సరిగ్గా ముందురోజు, బుధవారం, బాబాను కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాను. చూపు రాదని అందరికీ తెలుసు, నొప్పికి మందు వేస్తారు. తిరిగొచ్చేసరికి ఆయన సోలిపోయి ఉన్నాడు. మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పి ఇటు తిరిగితే, పెట్టె లేదు.

వంటింట్లోకి పరుగెత్తాను. అక్క నేలమీద పాత తువ్వాలు పరిచి కూర్చుంది. దాని మీద ఖహ్వా, అంటే అరబ్బు కాఫీ, పోసే కూజాలు, పళ్లేలు, సాంబ్రాణి పొగవేసే గిన్నె, ఇంట్లో ఉన్న ఇత్తడీ రాగీ అంతా తళతళా మెరుస్తోంది. తువ్వాలు చివర వరసగా నాణేలు. పసుప్పచ్చగా, ఎర్రగా, నిన్న అచ్చువేసినట్టు. పక్కన గిన్నెలో చింతపండు పిప్పి, పచ్చటి నీళ్లు.

"వచ్చావా! చూడవే ఎలా మెరిసిపోతన్నాయో" అంది నవ్వుతూ. "ఇంటి పని వదిలి వెళ్లేప్పుడు ఆ ఇంట్లో ఇత్తడంతా తోమి పెట్టి వెళ్లాలే. మా అత్తగారు అదే చెప్పేది. లేకపోతే ఉప్పు తిన్న ఇంటికి మనం ఏం చేసినట్టు? పెద్దాయన గదిలో దుమ్ము దులుపుదామని వెళ్లి చూస్తే, పాపం ఆ బిళ్లలు కిలుం పట్టిపోయి ఉన్నాయి. ఓ పట్టాన వదల్లేదనుకో. చింతపండూ ఉప్పూ వేసి నానబెట్టి, పీచుతో రుద్ది రుద్ది నా చేతులు పడిపోయాయి."

నాకు భయమేస్తే ముందు కోపం వస్తుంది. అది నా పుట్టుగుణం.

"ఏం జేసినావక్కా నువ్వు? నిన్నెవురు తోమమన్నారు? నీకేమన్నా మతి పోయిందా? రెండువేల ఏండ్లనాటి బిళ్లలకా చింతపండు పెట్టేది!"

"అదేంటే అలా అరుస్తావు? మురికే కదా వదిలింది."

ఒక నాణెం తీసి చూశాను. తోడేలుదే అది. నాకు గుర్తు కాబట్టి తెలిసింది గానీ, తోడేలు నడుమూ కాళ్లూ కలిసిపోయి కుక్కో మేకో అన్నట్టుంది. పిల్లల తలలు లేవు. రెండు చుక్కల్లో ఒకటి మిగిలింది. ఆ ఆకుపచ్చ పొరతోపాటే సగం బొమ్మ ఊడొచ్చి గిన్నెలోని నీళ్లలో కలిసిపోయింది. ఒళ్లంతా చిన్న చిన్న గుంటలు. చెప్పాను అక్కకు, బాబా నాకేం చెప్పాడో, రేపు కొడుకు ఆ పెట్టె కోసమే వస్తున్నాడని కూడా. వింటున్నకొద్దీ ఆమె మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ఇప్పుడెలాగే?" అంది. ఆ గొంతు విన్నాక నా కోపం చల్లారిపోయి ఉత్త భయం మిగిలింది.

ఒమాన్‌లోనే ఇబ్రి అనే ఊళ్లో పనిచేసే మా ఊరామె ఒకతె ఉండేది. ఇంట్లో గొలుసు పోయిందని ఆమె మీద కేసు పెట్టారు. గొలుసు తర్వాత పరుపు కింద దొరికిందిలే. కానీ కేసు నడిచినంతకాలం దేశం దాటనివ్వలేదు, ఈలోగా ఊళ్లో ఆమె తల్లి పోయింది. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

అక్క ఏమేమో చేసింది. ఆముదం రాసి పొయ్యి మీద పొగ పట్టించింది. కాటుక పులిమింది. నల్లబడ్డట్టే ఉంటుంది, వేలు పెడితే మసి వేలికొస్తుంది. దొంగ పని చేసినట్టు ఇంకా అనుమానంగా కనబడుతోంది. "తుడిచెయ్యక్కా, ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాం. బాబా లేస్తానే నేను చెప్తా" అన్నాను.

"వద్దే తల్లీ, నీకు దణ్ణం పెడతాను. రేపొక్కరోజు గడవనీ. నేను విమానం ఎక్కాక చెప్పు, నన్ను ఎన్ని తిట్టినా పడతాను. ఇప్పుడు చెబితే కొడుక్కి తెలుస్తుంది, నన్ను ఆపేస్తాడు. దాని కాన్పు దగ్గర నేను లేకపోతే అది బతకదే" అని నా గడ్డం పట్టుకుంది. ఆ చేతులు చింతపండు వాసన. సరేనని తలూపాను. బాబా కూడా ఆ సాయంత్రం లేవలేదు, పెట్టె అడగలేదు. నాణేలు తుడిచి ఎక్కడివక్కడ పెట్టేశాను.

గురువారం పొద్దున్నుంచి నా చేతుల్లో ఏ వస్తువూ నిలవలేదు. కారు చప్పుడైతే చాలు, కిటికీ దగ్గరకు పోయి చూసేదాన్ని. వాకిట్లో అక్క పెట్టె సిద్ధంగా ఉంది, తాడు కట్టి. ఆమె తలారా స్నానం చేసి, దాచుకున్న చీర కట్టుకుని, వంటింటి గడప దగ్గరే నిలబడిపోయింది. కొడుకు వచ్చాడు, తండ్రి నుదుటికి ముద్దుపెట్టాడు, అన్నం తిన్నాడు. పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాడు. అక్క దానివైపే చూస్తోంది. ఇక లేస్తాడు, నాణేల పెట్టెను మూత తియ్యకుండానే తీసుకుని కార్లో పెట్టుకుంటాడు, మస్కట్ వెళ్లేదాకా తెరవడు అని నా ఆశ. దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

తెరిచాడు.

"ఏష్ హాదా?" అన్నాడు అరబ్బీలో, ఇదేంటని. ఒక నాణెం తీసి కిటికీ దగ్గరకు పోయాడు. ఇంకోటి తీశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. అరవలేదు. అరిచుంటే బాగుండేది.

"అసలువి ఎక్కడ?" అన్నాడు హిందీలో.

నాకు మొదట అర్థం కాలేదు. పాడుచేశారని తిడతాడని రాత్రంతా అనుకున్నానే తప్ప, ఇది నా బుర్రకు తట్టనే లేదు. ఆయన దృష్టిలో పాతవి అమ్మేసి, వాటి స్థానంలో కొత్త బిళ్లలు పెట్టాం.

"ఇవే సార్, అసలువే. కడిగింది, అంతే. చింతపండుతో" అన్నాను. అక్క ముందుకొచ్చి, "నేనే బాబూ, నేనే తోమాను, ఆమెకేం తెలీదు" అని తెలుగులోనే చెప్పేస్తూ, రెండు చేతులతో తోమినట్టు చూపిస్తోంది. కూజా తెచ్చి చూపించింది, ఇలాగే మెరిసిందని.

"చింతపండు పెడితే రెండువేల ఏళ్ల నాణెం కొత్తదైపోతుందా? నన్ను పిచ్చివాణ్ణనుకున్నారా?" అన్నాడు. బల్ల మీది పాస్‌పోర్టు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "షుర్తాను పిలుస్తాను. వాళ్లకు చెప్పుకోండి."

షుర్తా అంటే పోలీసు. ఆ ఒక్క అరబ్బీ మాట మా అందరికీ తెలుసు. అక్క గోడకు ఆనుకుని జారి కూర్చుండిపోయింది. ఈ నాణెం మీద తోడేలుంది, ఈ నాణెం మీద గుమ్మముంది అని చెప్పబోయాను. "బొమ్మలన్నీ నీకే బాగా తెలుసు. అందుకే అలాంటివే చేయించావు" అన్నాడు. నేను ఏది చెప్పినా నా మెడకే చుట్టుకుంటోంది.

"ఇటివ్వు" అన్నాడు బాబా మంచం మీంచి.

గదిలో అంతసేపూ ఆయన ఉన్నాడన్న సంగతే మరిచిపోయాం. కొడుకు పెట్టె తీసుకెళ్లి ఒళ్లో పెట్టాడు. నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. మెరుపు ఈయన్ని మోసం చెయ్యదు కదా! వేళ్లకు ఏ గీత ఎక్కడుందో తెలుసు. ఈయన ఒక్కమాట అంటే చాలు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆ వేళ్లనే చూస్తున్నాను.

ఒక నాణెం తీశాడు. బొటనవేలు దాని మీద పెట్టాడు. తిప్పాడు, మళ్లీ తిప్పాడు. ఎప్పుడూ అంతసేపు పట్టేది కాదు.

"ఇది తోడేలు" అన్నాడు.

ఆయన చేతిలో ఉన్నది కోటగుమ్మం. ఇంత దగ్గర్లో ఉన్నాను, నాకు కనబడుతోంది. కొడుకు ఒక్కసారి వంగి చూస్తే అయిపోయామే! ఆయన వంగలేదు. తండ్రి మొహంలోకే చూస్తున్నాడు.

"ఇది కొమ్ము పట్టుకున్న ఆమె" అన్నాడు బాబా. అది సిపాయి నాణెం. చెయ్యెత్తిన వాడి చెయ్యి ఇప్పుడు మోచేతి దగ్గరే ఆగిపోయి ఉంది. మూడోదాన్ని సరిగ్గా తడమనైనా తడమలేదు, "ఇది కిరణాల రాజు" అని పెట్టెలో పడేశాడు. "నావే. అన్నీ నావే. మసి వదిలింది, అంతే."

"మీకు కనబడదు కదా నాన్నా" అన్నాడు కొడుకు.

"నాకు వేళ్లున్నాయి. నీకు కళ్లున్నాయి కదా, చిన్నప్పటినుంచి ఈ పెట్టె ఈ ఇంట్లోనే ఉంది, ఒక్కరోజైనా వీటిని చూశావా?"

కొడుకు మొహం మాడిపోయింది. జేబులోంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీదికి విసిరాడు. "సరే, మీవే అంటే మీవే. ఇక దీన్ని లాకర్లో పెట్టడం ఎందుకు, మీ దగ్గరే ఉంచుకోండి" అని కారు తాళాలు తీసుకుని బయటికి నడిచాడు. అక్క మంచం దగ్గరకు పాకినట్టు వచ్చి బాబా కాళ్లకు తల ఆనించింది. తర్వాత నన్ను వాటేసుకుని, "ఆ పెద్దాయన దేవుడే, ఆయన వేళ్లకు దణ్ణం పెట్టాలే" అని ఏడ్చి, తన పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆయన తప్పు చెప్పాడని ఆమెకు తెలియదు. తర్వాత ఫోన్లలో కూడా నేను చెప్పలేదు. ఆమె వెళ్లిన కొన్నాళ్లకే మనవడు పుట్టాడు, తల్లీ బిడ్డా క్షేమం.

కారు వెళ్లిన చప్పుడు పూర్తిగా ఆగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. మందు మత్తులో వేళ్లు మొద్దుబారి తప్పు చెప్పి ఉంటాడులే, ఎలాగైతేనేం గండం గడిచింది అనుకుంటూ లోపలికొచ్చాను. బాబా పెట్టె ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు.

"వెళ్లిందా?"

"వెళ్లింది బాబా."

"తలుపు వేసిరా."

వేసి వచ్చాను. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

"అసలువాటిలో ఒక్కటైనా మిగిలిందా బిడ్డా? తోడేలుది ఉంటే చాలు. ఇచ్చెయ్యి. వాడికి చెప్పను."

అయితే ఇందాక ఆయన తడబడలేదు, మేమే తీశామనుకుని మా కోసం అబద్ధం చెప్పాడు. నేను ఒకటే చెప్పాను, చెప్పిందే చెప్పాను. ఇవే అసలువని, చింతపండు అని, ఉప్పు అని, ఊళ్లో ఉన్న నా పిల్లల మీద ఒట్టు అని. పెట్టెలో వెతికి తోడేలు నాణెం తీసి ఆయన అరచేతిలో పెట్టాను. "ఇదే బాబా తోడేలు. ఇక్కడ చూడు, ఇది వీపు, ఇదిగో ఇక్కడ చుక్క" అని ఆయన వేలు పట్టుకుని దాని మీద నడిపించాను. ఆయన ఓపిగ్గా తడిమాడు. నా కోసమే తడిమాడు. బొమ్మ అరిగిపోయిన ఆ లోహం మీద వేలు ఎక్కడా ఆగలేదు. నాణెం నా చేతికి తిరిగి ఇచ్చేశాడు.

"సరేలే బిడ్డా. ఆమెకు కూతురి పురుడు. నాకు తెలుసులే" అన్నాడు.

"బాబా, మేం తియ్యలేదు బాబా!"

"సరే, సరే" అంటూ నా తల నిమిరాడు. దానికంటే చెంప పగలగొట్టినా బాగుండేది. పోలీసులంటే వేసిన భయం ఆ చేతి కింద వేసిన భయం ముందు ఏపాటిది? ఇంక ఏ మాటతో నమ్మించాలో తెలియక వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన ఆ ఏడుపును కూడా ఒప్పుకోవడమే అనుకున్నాడు.